పన్నెండు ఫోటోల రీలు

కెమెరాలో వేసే ఫిల్ము రీలు కొనేటప్పుడే లెక్క మొదలయ్యేది. అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో వేసే 120 రీలుకి 12 ఫోటోలు. 35 ఎంఎం రీలుకి 36. ఎక్కించడం తెలిసిన చెయ్యి అయితే 37, 38 కూడా లాగేది. ఇందులో గోల్కొండకి ఎన్ని, జూ పార్కుకి ఎన్ని, ఊరినుంచి వచ్చిన పిన్నీ బాబాయిలకి ఎన్ని అని ఇంట్లోనే పంపకాలు అయిపోయేవి. చివర్లో రెండు మూడు మిగిలితే వాటికోసం రీలు నెలల తరబడి కెమెరాలోనే ఉండిపోయేది. సంక్రాంతి ముగ్గుతో మొదలైన రీలు వినాయక చవితి పందిట్లో పూర్తవడం మామూలే. మధ్యలో వచ్చే హైదరాబాద్ మే నెల ఆ రీలుని ఇనప బీరువాలో మెల్లగా పాడుచేసేది. తీసి కడిగించని ఫోటో వేడికి వెలిసిపోతుంది, నలుపు బూడిదవుతుంది, రంగుల రీలైతే మొహాల రంగే మారిపోతుంది. ఫోటోలు పాతబడ్డాక అలా అయ్యాయనుకుంటారు గానీ, కొన్నిసార్లు స్టూడియోకి ఇచ్చే ముందే అలా అయ్యాయి.

కోఠి, ఆబిడ్స్ దుకాణాల గాజు బీరువాల్లో తూర్పు జర్మనీ ఆర్వో, ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు చేసే ఇందు, తర్వాతి రోజుల్లో కొడాక్, కోనికా, ఫ్యూజీ డబ్బాలు వరసగా ఉండేవి. 120 రీలుని నీడలోకి వెళ్లి ఎక్కించాలి. కెమెరా వెనక ఉన్న ఎర్ర కిటికీలో 1 కనిపించేదాకా తిప్పాలి. అంతకన్నా తిప్పితే ఒక ఫోటో పోయినట్టే. తిప్పడం మర్చిపోతే ఒకే చోట రెండు బొమ్మలు పడేవి, తాతగారి భుజంలోంచి చార్మినార్ మొలిచేది. రీలు అయ్యాక కాగితం బిగుతుగా చుట్టి, అంచున ఉన్న జిగురు పట్టీని నాలికతో తడిపి అంటించాలి. వదులుగా చుడితే అంచుల్లోంచి వెలుతురు దూరి ప్రింటు పక్కల తెల్లటి మబ్బు వచ్చేది.

35 ఎంఎంలో అతిపెద్ద ప్రమాదం రీలు కెమెరా లోపలి చక్రం పళ్లకి పట్టకపోవడం. కౌంటరు 10, 20, 30 అని తిరుగుతూనే ఉంటుంది, లోపల ఫిల్ము కదలదు. పెళ్లికి పెళ్లే పోయిన ఇళ్లున్నాయి. దీనికి విరుగుడు చాలా చిన్నది. రీలు ఎక్కించాక ఎడమవైపు రీవైండు పిడిని బిగుతు తగిలేదాకా వెనక్కి తిప్పి వదలాలి. తర్వాత లీవరు లాగినప్పుడల్లా ఆ పిడి కూడా తిరగాలి. తిరగలేదంటే ఫిల్ము జారినట్టు.

లైటుమీటరు లేని కెమెరాకి రీలు డబ్బాలో వచ్చే చీటీయే ఆధారం. సూర్యుడి బొమ్మ, మబ్బు బొమ్మ, పక్కన అంకెలు. వెలుతురుకి ఫిల్ము ఎంత చురుకో చెప్పేది ఏఎస్‌ఏ. లెన్సు ఎంత తెరవాలో చెప్పేది ఎఫ్ అంకె, అది తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది. నిండు ఎండలో ఏఎస్‌ఏ 100 రీలుకి ఎఫ్ 16, సెకనులో 125వ వంతు. పల్చటి మబ్బుకి ఎఫ్ 11, దట్టమైన మబ్బుకి ఎఫ్ 8, నీడలో ఎఫ్ 5.6. ఈ లెక్క ఇక్కడి ఎండకి బాగానే పనిచేస్తుంది, వస్తువుల వరకు. మనుషులకి కాదు. మే మధ్యాహ్నం కనుబొమల కింద, ముక్కు కింద నల్లటి గుంటలు పడతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మనుషుల్ని కమాను కిందికో, వేపచెట్టు నీడ అంచుకో జరిపి, ఎఫ్ 5.6కి తెరిచేవాళ్లు.

ఈ ఊళ్లో ఎండ ఏ దిక్కునుంచి వస్తుందో తెలియడం కెమెరా కన్నా ముఖ్యం. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పాతిన గుంజకి నీడ ఉండదు. ఈ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, మిగతా ఏడాదంతా దక్షిణానికే. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం కూడా సుమారు 49 డిగ్రీల ఎత్తు దాటడు.

ఇది చార్మినార్ దగ్గర పెట్టి చూస్తే అర్థమవుతుంది. దాని నాలుగు ముఖాలు నాలుగు దిక్కులకి ఉన్నాయి. చాలామంది గుల్జార్ హౌజ్ వైపు నుంచి, అంటే ఉత్తరం నుంచి తీస్తారు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా ఉత్తర ముఖం మీద నేరుగా ఎండే పడదు. సెలవులకి వచ్చినవాళ్లు ఎక్కువగా తిరిగేది సరిగ్గా ఆ నెలల్లోనే. అందుకే ఆల్బముల్లో చార్మినార్ నల్లగా, వెనక ఆకాశం తెల్లగా, ముందు నిలబడినవాళ్లు చీకటి మొహాలతో ఉంటారు. శీతాకాలంలో సాయంత్రం మూడున్నర తర్వాత లాడ్ బజార్ వైపుకి వస్తే పడమటి ముఖం వెలిగిపోతుంది. మక్కా మసీదు వైపు మూల నుంచి చూస్తే దక్షిణ, పడమర ముఖాలు రెండూ ఎండలో ఉంటాయి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఆ తేడాలోనే కట్టడం గుండ్రంగా, లోతుగా కనిపిస్తుంది. అదే నిజమైన చార్మినార్ ఫోటో అని నా అభిప్రాయం. పోస్టుకార్డులవాళ్లు మాత్రం ఉత్తరం వైపునే వదల్లేదు.

గోల్కొండలో ఈ ఇబ్బంది లేదు. కోట శిఖరమైన బాలాహిస్సార్ పైనుంచి కుతుబ్‌షాహీ సమాధులు ఉత్తరం వైపు కనిపిస్తాయి కాబట్టి శీతాకాలమంతా సూర్యుడు ఫోటో తీసేవాళ్ల వెనకో పక్కనో ఉంటాడు. అక్కడ అడ్డొచ్చేది దుమ్ము. వర్షాలు వెనక్కి తగ్గిన అక్టోబరులో గాలి కడిగేసినట్టుంటుంది, గుమ్మటాల అంచులు గీత గీసినట్టు వస్తాయి. మార్చి నాటికి అదే దృశ్యం పాలిపోతుంది. అప్పటి నలుపు తెలుపు ఫోటోల్లో ఆ గుమ్మటాలు నాచు పట్టి నల్లగా ఉండటం గమనించండి. 2013లో మొదలైన ఆగాఖాన్ ట్రస్టు మరమ్మతుల్లో తర్వాతి కాలపు సిమెంటు పూతలు తీసి సున్నపు గచ్చు వేశారు. ఇప్పటి గుమ్మటం రంగు వేరు. పాత ఫోటో చూసి ‘కడగడం సరిగా రాలేదు’ అనుకోవద్దు, అప్పుడు అది అలాగే ఉండేది.

ఇక రాళ్లు. హైదరాబాద్ ఫోటోల్లో నాకు అన్నిటికన్నా విలువైనవి ఇవే. ఎందుకంటే చార్మినార్‌ని రేపు మళ్లీ తీయొచ్చు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టల్లో ఒకదాని మీద ఒకటి నిలబడిన గుండ్లని ఇప్పుడు తీయలేం, చాలావాటిని పగలగొట్టి కంకర చేశారు, పునాదులు తవ్వారు. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపలే నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చిన రాయిలోకి నీరు దిగి మూలల్ని ముందు తినేసింది. మూలలు పోయిన దిమ్మె ఉల్లిపాయ పొరల్లా ఊడుతూ గుండ్రమైంది, చుట్టూ మట్టి కొట్టుకుపోయాక గుండు గుండు మీద మిగిలింది. ఎవరో తెచ్చి పేర్చారనిపిస్తుంది గానీ, ఏ గుండూ ఎక్కడినుంచీ రాలేదు, ఉన్నచోటే చెక్కుకుపోయింది.

రాయిని మధ్యాహ్నం తీస్తే బూడిదరంగు ముద్ద వస్తుంది. పొద్దు పొడిచిన గంటలోపు, లేదా పొద్దు గుంకే ముందు గంటలో, ఎండ రాయి ఒంటిమీద పక్కగా రాసుకుంటూ పోతుంది. అప్పుడే పొరలు ఊడిన అంచులు, నీటి చారలు, పగుళ్లు కనిపిస్తాయి. రంగుల రీలులో సాయంత్రం రాయి గులాబీ రంగుకి తిరుగుతుంది, సాయంత్రపు ఎండకి రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం రంగు తోడవుతుంది. నలుపు తెలుపులో పసుపు ఫిల్టరు పెడితే నీలాకాశం కాస్త ముదురై గుండు ముందుకొస్తుంది, దానికి ఒక స్టాపు ఎక్కువ వెలుతురు, అంటే రెట్టింపు, ఇవ్వాలి. ఎర్ర ఫిల్టరు పెడితే ఆకాశం దాదాపు నల్లబడుతుంది, మూడు స్టాపులు ఇవ్వాలి. అంటే ఎఫ్ 16 కాస్తా ఎఫ్ 5.6 అవుతుంది. ఈ లెక్క మర్చిపోయి తీసిన నెగెటివ్‌లు గాజు ముక్కల్లా ఖాళీగా వచ్చేవి.

ఇంకో చిన్న విషయం. రాయి ఒక్కదాన్నే తీస్తే అది పిడికెడుందో మేడంతుందో తెలియదు. పక్కన ఒక మనిషి ఉండాలి. అందుకే పిక్నిక్కు ఫోటోలని తేలిగ్గా తీసేయకూడదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గుండు ఎక్కి నిలబడిన అత్తయ్య వల్లే ఆ గుండు 20 అడుగులదని ఇవాళ చెప్పగలం. రాళ్లని కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ మొదలైంది. ఖాజాగూడ ఫక్రుద్దీన్ గుట్ట, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి, మౌలాలీ గుట్ట ఇప్పటికీ వెళ్లి చూడదగ్గవి. పాత ఫోటో చేతిలో పెట్టుకుని వెళ్లి, వెనకున్న గుట్ట గీతతో సరిచూస్తే ఎక్కడ నిలబడి తీశారో పది అడుగుల తేడాలో దొరుకుతుంది.

పూల సంగతి వేరు. మేలో నగరమంతా తురాయి పూస్తే రీలు మీద రీలు తీసేవాళ్లు, నలుపు తెలుపులో ప్రింటు చూసి నీరసపడేవాళ్లు. తురాయి ఎరుపూ ఆకుపచ్చా ఫిల్ముకి ఇంచుమించు ఒకే బూడిద రంగు. పూలెక్కడున్నాయో కనిపెట్టాలి. నారింజ ఫిల్టరు పెడితే పూలు తేలి ఆకులు ముదురుతాయి. ఫిబ్రవరి చివర్లో పూసే మోదుగకీ ఇదే చిట్కా. పక్షులకి మామూలు 50 ఎంఎం లెన్సు పనికిరాదు, గండిపేట నీళ్లలో కొంగ చుక్కంత వస్తుంది. 300 ఎంఎం లెన్సు పట్టుకుంటే చెయ్యి వణుకు కనబడకుండా సెకనులో 300వ వంతు కన్నా వేగం కావాలి. నిండు ఎండలో ఎఫ్ 5.6 దగ్గర 1000వ వంతు దొరుకుతుంది గానీ, పక్షులు బాగా కదిలే పొద్దున్న ఆరున్నరకి అందులో మూడు స్టాపులు పోతాయి. అందుకే ఆ కాలపు పక్షి ఫోటోల్లో చాలావరకు వణికినవే.

చిత్రాలు, శిల్పాల ఫోటోల దగ్గర ఈ ఊరు మంచి పాఠశాల. సాలార్‌జంగ్ మ్యూజియంలో చెక్కతో చేసిన జంట బొమ్మ తెలుసుగా. ముందు ఫౌస్ట్ కథలోని సైతాను మెఫిస్టోఫిలిస్, వెనక అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా, వెనకవైపు చూడటానికి అద్దం. ఇద్దరూ ఒకే ఫోటోలో స్పష్టంగా రావడం ఎందుకు కష్టమో చూడండి. అద్దంలోని బొమ్మ అద్దం మీద ఉండదు, అద్దం వెనక అంతే దూరంలో ఉన్నట్టు లెన్సుకి కనిపిస్తుంది. కెమెరా నుంచి బొమ్మకి 6 అడుగులు, బొమ్మ నుంచి అద్దానికి 3 అడుగులు అనుకుంటే, మార్గరెట్టా ఉన్నది 9 అడుగుల దగ్గర కాదు, 12 అడుగుల దగ్గర. 50 ఎంఎం లెన్సుని 8 అడుగులకి ఫోకస్ చేసి ఎఫ్ 11కి మూస్తే 6 నుంచి 12 దాకా అంతంతమాత్రంగా అందుతుంది, ఎఫ్ 16 అయితే నిశ్చింత. పెళ్లికూతురు అద్దంలో చూసుకుంటూ బొట్టు దిద్దుకునే ఫోటో ప్రతి పెళ్లి ఆల్బములో ఉంటుంది కదా, అక్కడా ఇదే లెక్క. అద్దం చట్రం స్పష్టంగా, అమ్మాయి మొహం అలుక్కుపోయి ఉంటే తీసినాయన అద్దానికి ఫోకస్ చేశాడన్నమాట. ఫ్లాష్ వాడితే ఎదురుగా నిలబడకూడదు, మెరుపు తిరిగొచ్చి లెన్సులో పడుతుంది.

అదే మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా ఇంకో రకం పరీక్ష. పాలరాతి మీద పాలరాతి ముసుగు. ఎదురు వెలుతురులో ముసుగు మాయమవుతుంది, పక్క వెలుతురులోనే మడతలకి నీడ వస్తుంది. మీటరు దేన్ని చూసినా బూడిదే అనుకుంటుంది కాబట్టి తెల్లటి రాయిని మురికి చేసి చూపిస్తుంది. మీటరు చెప్పినదాని కన్నా ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఇవ్వాలి. పబ్లిక్ గార్డెన్స్ పక్క అసెంబ్లీ భవనం తెలుపుకీ ఇదే వర్తిస్తుంది.

కోఠి రెసిడెన్సీ స్తంభాల దగ్గర అందరూ చేసే తప్పు కెమెరాని పైకెత్తడం. ఎత్తగానే స్తంభాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. కెమెరా వీపు స్తంభానికి సమాంతరంగా ఉంచి, వీలైనంత వెనక్కి నడవాలి. కింద నేల ఎక్కువ వస్తే ప్రింటు వేసేటప్పుడు కోసేయొచ్చు.

చూడని చోట్లు బొమ్మల్లోనే చూసిన కాలం అది. అజంతా నిజాం రాజ్యంలోనే ఉండేది. పురావస్తు శాఖని నడిపిన గులాం యజ్దానీ ఆ గోడల చిత్రాల్ని ఫోటోల ఆధారంగా నాలుగు సంపుటాలుగా 1930, 1955 మధ్య వెలువరించారు. రంగుల ఫిల్ము లేని రోజుల్లో రంగు పట్టాలంటే ఒకే దృశ్యాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో మూడుసార్లు తీసి, అచ్చులో మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా బొమ్మ కళ్లకి రంగు అంచులు వస్తాయి. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్ల గది చూసి, ఔరంగాబాద్ బస్సు ఎక్కకుండానే అజంతా చూశామన్నవాళ్లు ఎంతోమంది. పిల్లలకి వ్యూమాస్టర్ ఉండేది. ఒక చక్రంలో 14 చిన్న బొమ్మలు, దృశ్యాలు మాత్రం ఏడే, ఎందుకంటే ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి.

వీటన్నిటికీ ముందు లాలా దీన్‌దయాళ్. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీలోకి వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో కూడా తెరిచాడు, దాన్ని నడిపింది ఒక ఆవిడే. ఆయన నేర్చుకున్న కాలపు తడి పలకల పద్ధతిలో గాజుకి కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, వెండి లవణంలో ముంచి, ఆరేలోపే తీసి, ఆరేలోపే కడగాలి. పావుగంట కూడా ఉండదు, దక్కన్ ఎండలో ఇంకా తక్కువ. కెమెరాతో పాటు చీకటి డేరా కూడా మోయాల్సిందే. 1880లలో పొడి పలకలు వచ్చాక గానీ ఆ బరువు దిగలేదు.

రాత్రి ఫోటోలకి నుమాయిష్. నాంపల్లి మైదానంలో జెయింట్ వీల్‌ని ఏఎస్‌ఏ 100 రీలు మీద తీయాలంటే ట్రైపాడ్, కెమెరాని కదపకుండా నొక్కే కేబుల్ రిలీజు, నొక్కినంతసేపూ తెరిచి ఉంచే బి గుర్తు, ఎఫ్ 8, నాలుగు నుంచి ఎనిమిది సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో చక్రం ఎంత తిరిగితే అంత పొడవు వెలుగు గీత. ట్రైపాడ్ కాళ్ల దగ్గర జనం నడిస్తే నేల అదురుతుంది, కాబట్టి దుకాణం గోడ పక్కన పెట్టాలి.

తీయడం సగమే, కడగడం మిగతా సగం. అసలు హైదరాబాద్ కష్టాలు అక్కడున్నాయి. ఫిల్ము మీది బొమ్మని బయటికి తెచ్చే మందు, డి-76 డెవలపరుని కొంతమంది ఇంట్లోనే కలుపుకునేవాళ్లు. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. వరస ముఖ్యం. 50 డిగ్రీల వేడి ఉన్న ముప్పావు లీటరు నీళ్లలో ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్, ఆపైన మిగిలినవి. సల్ఫైట్ అంతా ముందే వేస్తే మెటాల్ కరగక తెల్లగా తేలుతుంది. ఆ బొమ్మని చెదరకుండా నిలిపే హైపో లీటరుకి 250 గ్రాములు. అది కరుగుతుంటే గిన్నె చేతికి చల్లగా తగులుతుంది, నీళ్లు వేడిగా తీసుకోకపోతే అడుగున గడ్డలు మిగులుతాయి.

డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఏడు నిమిషాలు పట్టే రీలు 24 దగ్గర ఐదు నిమిషాలకే అయిపోతుంది. మేలో మేడమీది ట్యాంకు నీళ్లు 30 దాటి వస్తాయి. ఐసు కావాలి, కానీ ఐసుని డెవలపరులో వేయకూడదు, పల్చబడుతుంది. పాలిథీన్ కవరులో కట్టి ముంచాలి, లేదా సీసాని ఐసు నీళ్ల బకెట్లో నిలబెట్టాలి. డెవలపరు ఒక్కటే చల్లబరిచి, కడిగే నీళ్లు కుళాయివి పోస్తే ఇంకో ప్రమాదం. ఫిల్ము మీది జెలటిన్ ఒక్కసారిగా ఉబ్బి ముడతలు పడుతుంది, ప్రింటులో ఆకాశం ఎండిన చెరువు నేల మాదిరి పగుళ్లతో వస్తుంది. అన్ని నీళ్లూ ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉండాలి. ఎండాకాలం హైపోలో పటిక కలిపేది ఆ జెలటిన్ గట్టిపడటానికే.

అరగంట కుళాయి కింద వదిలి కడగమని పుస్తకాలు చెప్పేవి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో అది అయ్యే పనేనా? ఫిల్ము కడిగే చిన్న డబ్బా ట్యాంకుని నింపి 5 సార్లు తిరగేసి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. పటిక కలపని హైపో అయితే మూడు ట్యాంకుల నీళ్లతో పనైపోతుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, ఆరాక ఫిల్ము మీద తెల్లటి చుక్కలు మిగులుతాయి. చివరి ముంపు డిస్టిల్డ్ వాటరులో, ఒక చుక్క షాంపూ వేసి. అంతకన్నా ఎక్కువ వేస్తే జిడ్డు.

ప్రింట్ల గదిలో ఎర్ర బల్బు పేపరుకి నాలుగడుగుల దూరంలో ఉండాలి. ఒక ముక్క పేపరు మీద 3, 6, 9, 12, 15 సెకన్లు మెట్లుగా ఇచ్చి చూసి, అందులో బాగున్నది ఎంచుకోవాలి. సాయంత్రం కరెంటు సన్నగిల్లితే, నెగెటివ్‌ని పేపరు మీదికి పెద్దది చేసి వేసే ఎన్‌లార్జరు బల్బు మసకబారుతుంది, మధ్యాహ్నం 9 సెకన్లకి బాగా వచ్చిన నెగెటివ్ రాత్రి 9 సెకన్లకి వెలవెలబోతుంది. స్టూడియోల్లో ఎన్‌లార్జరు పక్కన స్టెబిలైజరు కనిపించేది అందుకే. పేపరు నల్లబడుతోందని కంగారుపడి డెవలపరు లోంచి ముందే తీసేస్తే బురదరంగు వస్తుంది. నిండా రెండు నిమిషాలు ఉంచి, వెలుతురు తగ్గించుకోవాలి.

తర్వాత గంటలో ప్రింట్లిచ్చే మిషన్లు వచ్చాయి, 4×6 మ్యాక్సీ సైజు వచ్చింది. ఆ మిషను ఫోటో మొత్తం రంగులు కలిపితే బూడిద రావాలని అనుకుంటుంది. పబ్లిక్ గార్డెన్స్ పచ్చిక మీద కూర్చున్న కుటుంబం ఫోటోలో పచ్చదనం ఎక్కువైంది కదా అని దానికి విరుగుడు కలుపుతుంది, తెల్ల చొక్కాలన్నీ గులాబీ రంగుకి తిరుగుతాయి. వెనక చీకటి ఎక్కువున్న ఫోటోలో మొహాలు సున్నం కొట్టినట్టవుతాయి. నెగెటివ్‌లో తప్పేమీ ఉండదు. మళ్లీ వేయించుకునేవాళ్లు తక్కువ, కాబట్టి మన ఆల్బముల్లో ఉన్నది చాలాసార్లు మిషను అభిప్రాయమే.

అందుకే ప్రింటు కన్నా నెగెటివ్ వెతకండి. బీరువాలో, ట్రంకు పెట్టెలో, స్టూడియో కవర్ల అడుగున ఉంటాయి. వెనిగర్ వాసన వస్తే ఫిల్ము పట్టీ కుళ్లడం మొదలైనట్టు, ఆ వాసనే పక్కవాటినీ పాడుచేస్తుంది. వాటిని వేరు చేసి ముందుగా స్కాన్ చేయించండి. 35 ఎంఎం నెగెటివ్‌ని 2400 డీపీఐలో, అంటే అంగుళానికి 2400 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే సుమారు 3400×2270 చుక్కలు వస్తాయి, అది చాలు. ప్రింటునైతే 600. స్కానరులో దుమ్ము తుడిచే పరారుణ సదుపాయం నలుపు తెలుపు నెగెటివ్‌కి వాడొద్దు. బొమ్మలోని వెండి రేణువులు ఆ కిరణాల్ని ఆపేస్తాయి, స్కానరు బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. జిగురు పేజీల ఆల్బములో అంటుకుపోయిన ఫోటోని గోటితో లాగొద్దు, పళ్ల సందులు శుభ్రం చేసే సన్నటి దారాన్ని కిందినుంచి రంపంలా ఆడిస్తూ విడదీయండి.

తేదీ లేని ఫోటోకి తేదీ ఊళ్లోనే ఉంది. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం లేకపోతే 1976కి ముందుది. హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడు నిలబడి ఉంటే 1992 డిసెంబరు తర్వాతది. సైబర్ టవర్స్ కనిపిస్తే 1998 చివరి నుంచి ఇటు. స్కూటరు నంబరు ఏపీ 9తో మొదలైతే 1989 తర్వాతది, టీఎస్ ఉంటే 2014 తర్వాతది. దుకాణం బోర్డు మీది ఫోను నంబరు అంకెలు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటే 2000ల మొదట్లోనో ఆ తర్వాతో. చార్మినార్ ఫోటో అయితే ఇంకా తేలిక. 1889లో పెట్టిన గడియారాలున్నాయి, వేళ చెబుతాయి. ఉత్తర ముఖం మీద ఎండ ఉంటే వేసవి పక్క, లేకపోతే చలికాలం పక్క.

తెలిసింది తెలిసినట్టు ఫోటో వెనక రాయండి. ఎవరు, ఎక్కడ, ఏ దిక్కుకి చూస్తూ, సుమారుగా ఏ ఏడు. పాత మందపాటి కాగితమైతే 2బి పెన్సిలుతో, అంచున, నొక్కకుండా. బాల్‌పెన్ వద్దు, గాడి ఇటువైపు మొహం మీద తేలుతుంది, సిరా కింది ఫోటోకి అంటుతుంది. మెరిసే ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు పట్టదు, దానికి చెరగని సిరా పెన్నుతో రాసి, పది నిమిషాలు ఆరనిచ్చాకే ఇంకోదాని మీద పెట్టండి.